పరాయి రాతి ములికి

నా చిన్నప్పుడు నేను చచ్చిపోతానని నిజంగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. అరికాలిలో దిగిన ఒక రాతిముక్కను ఎవరో మా ఇంటి మీద కక్షతో అక్కడ పెట్టారని పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మంచంలో పడుకుని విని, నమ్మేశాను. చావు గురించి పిల్లలకు తెలిసేది తక్కువ. పెద్దవాళ్ల గొంతులో వణుకు మాత్రం వాళ్లకు బాగా తెలుస్తుంది.

తొంభైల మొదట్లో మాట ఇది. మాది చిత్తూరు నుంచి కాణిపాకం వెళ్లే దారికి కాస్త పక్కగా ఉన్న పల్లె. నేను ఆరో తరగతిలో ఉన్నాను. వానలు సరిగా పడక వేరుశనగ చేలు ఎండిపోతుంటే ఊళ్లో ఒక్కొక్కరే మామిడికి మారుతున్న కాలం. మా పెద్దనాయన, అంటే మా నాయనకు అన్న, గుట్ట కిందున్న బీడును ట్రాక్టరు పెట్టి చదును చేయించి మామిడి మొక్కలకు గుంతలు తీయిస్తున్నాడు. అంతకుముందు ఆ వాలులోకి మేకలు తప్ప ఎవరూ వెళ్లేవారు కాదు. కొత్తగా తిరగబడిన మట్టి మెత్తగా, చల్లగా ఉండేది. బడి నుంచి రాగానే దాంట్లో చెప్పులు లేకుండా పరిగెత్తడం మాకు ఆట.

అలా పరిగెత్తుతుండగానే గుచ్చుకుంది. ముల్లనుకుని కుంటుకుంటూ ఇంటికి వచ్చాను. మా అమ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి గట్టిగా పట్టి లాగింది. వచ్చింది ముల్లు కాదు, బొటనవేలి గోరంత రాయి. తేనెలాంటి ఎరుపు. ఒక కొస సూదిగా ఉంది, రెండో కొస కాస్త లోపలికి నొక్కినట్టు ఉంది. రెండు పక్కలా చిన్న చిన్న పెచ్చులు వరసగా లేపినట్టు కనిపించింది. మా అమ్మ దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, ఉన్నట్టుండి పక్కనున్న పళ్లెంలోకి జారవిడిచింది.

“ఇది దానంతట అది అయిన రాయి కాదు. ఎవురో పనిగట్టుకోని సెక్కినారు” అంది.

ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే ఆ మాటలో తప్పేమీ లేదు. దాన్ని ఎవరో పనిగట్టుకునే చెక్కారు. గుచ్చుకోవడానికే చెక్కారు. రాయిని చూసి అందులో మనిషి చేతిని గుర్తుపట్టడం తెలివైన పనే. ఎప్పుడు చెక్కారు అన్న ప్రశ్న ఒక్కటే మా అమ్మ అడగలేదు. అడిగే వ్యవధి కూడా దొరకలేదు. పొద్దుగూకేలోపే మా ఇంట్లోకి ఒక మాట వచ్చి కూర్చుంది. సూన్యం.

మా వైపు చేతబడిని సూన్యం అంటారు. గిట్టనివాళ్ల చేనులో మేకులో, వెంట్రుకలు చుట్టిన నిమ్మకాయలో పాతిపెడితే ఆ ఇంటికి కీడు జరుగుతుందని నమ్మకం. పాతిపెట్టగా చూసినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు, ఆ కథలు విననివాళ్లూ లేరు. ఆ వారంలోనే మా పెద్దనాయన బోరు మోటారు కాలిపోయింది. చూడి ఆవు ఒకటి పడుకున్నది పడుకున్నట్టే పోయింది. కరెంటు హెచ్చుతగ్గులకు ఊళ్లో మోటార్లు కాలుతూనే ఉండేవి. ఆ ఆవు చాలా రోజులుగా మేత ముట్టడం లేదు. కానీ పళ్లెంలో ఆ రాయిని చూశాక, వేటికవి జరిగినవన్నీ ఒకే చేయి చేసిన పనుల్లా కనపడసాగాయి. గుంతలు తీసే కూలీలు రావడం మానేశారు. నా కాలికి వేపాకు నూరి కట్టారు, చేతికి మంత్రించిన తాడు కట్టారు. పాదం ఉబ్బింది, జ్వరం వచ్చింది. మంచం దగ్గరికి వచ్చిన ప్రతివాళ్లూ ముందు నా కాలు చూసి, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. జ్వరం కన్నా ఆ చూపులకే నేను ఎక్కువ హడలిపోయాను.

మా పక్కింటి అక్క గురించి ఇక్కడ చెప్పాలి. ఆ ఇంటికి ఆమె కోడలై వచ్చి అప్పటికి రెండేళ్లు. పుట్టిల్లు తమిళనాడు సరిహద్దుకు అవతల, గుడియాత్తం దగ్గరి పల్లె. భర్త లారీ తోలుతూ వారాల తరబడి బయటే ఉండేవాడు. ఇంట్లో ఆమె, ఆమె అత్త మాత్రమే. ఆ అత్తను నేను అవ్వా అని పిలిచేదాన్ని. అక్క మాట్లాడే తెలుగులో అరవ సాగదీత ఉండేది. ఊళ్లో ఆడవాళ్లు ఆమెలాగే మాట్లాడి నవ్వుకుంటే ఆమె కూడా కలిసి నవ్వేసేది. సాయంత్రాలు నా జడ విప్పి దువ్వుతూ, మా ఊళ్లో అట్ట, మా ఊళ్లో ఇట్ట అని చెప్పుకొచ్చేది. అక్కడి ఏరు, అక్కడి తేరు, ఇంటింటా అరుగుల మీద కూర్చుని అగ్గిపెట్టెలకు కాగితాలు అంటించే ఆడవాళ్లు. నేను ఎన్నడూ చూడని ఆ ఊరి సందులన్నీ నాకు తెలుసు.

నాకు జ్వరమని విని ఆమె గిన్నెలో చారు పట్టుకుని వచ్చింది. కిటికీలో పళ్లెంలో ఉన్న రాయి ఆమె కంటపడింది. ఎవరూ ముట్టడానికి సాహసించని ఆ రాయిని రెండు వేళ్లతో తీసి, మొహమంతా విచ్చుకునేలా నవ్వింది.

“ఇదా! మా ఊళ్లో గుట్ట పక్క వాన పడితే సాలు, ఇట్టాటివి బయటపడతాయి. సిన్నప్పుడు మేము ఏరుకోని ఆడుకుంటా ఉంటిమి. ఇది ఈడికెట్ట వచ్చింది?”

పుట్టింటి వస్తువు ఒకటి అనుకోకుండా పరాయి ఊళ్లో కనపడితే ఏ ఆడపిల్లకైనా కలిగే సంతోషం అది. మా అమ్మ మొహంలో మాత్రం రంగు పోయింది. చారు గిన్నె తీసుకుంది కానీ నాకు పెట్టలేదు. అక్క వెళ్లగానే పెరట్లో పారబోసి, చెయ్యి రెండుసార్లు కడుక్కుంది. మరుసటి పూటకు అక్క మాట ఊరంతా తిరిగి వేరే రూపంలో మా అరుగు మీదికి చేరింది. ఆ రాయి ఆమె ఊరిదంట. తెచ్చినట్టు ఆమే ఒప్పుకుందంట.

ఊరి తర్కం ఎలా నడిచిందో చెబుతాను. అదే తర్కం తర్వాత నాకు చాలా చోట్ల, చాలా చదువుకున్నవాళ్ల నోట కూడా వినిపించింది. మా గుట్టలో ఉండేది నల్లరాయి, మధ్యమధ్యలో చారలు చారలుగా తెల్లటి పలుగురాయి. తేనెరంగు రాయి చుట్టుపక్కల ఎక్కడా లేదు. కాబట్టి అది బయటి నుంచి వచ్చింది. సరైన మాటే. బయటి నుంచి వచ్చిందంటే ఎవరో తెచ్చారు. ఇదీ సరైనదే. ఆ తర్వాత వేసిన అడుగు మాత్రం నేల మీద పడలేదు. ఊళ్లో బయటి మనిషి ఎవరు? అరవామె. కాబట్టి ఆమే తెచ్చింది. భయపడ్డ మనిషి ఆలోచించడం మానేస్తాడని అంటుంటారు. నేను చూసినంతలో సగం దూరం బాగానే ఆలోచిస్తాడు. తనకు కావలసిన మనిషి దొరకగానే అక్కడ ఆగిపోతాడు.

మా అరుగు మీదే పంచాయితీ జరిగింది. నేను లోపల మంచంలో ఉన్నాను, తలుపు తెరిచే ఉంది. మా పెద్దనాయన అరిచే మనిషి కాదు. ఆ రోజూ అరవలేదు. అందుకే మరింత భయమేసింది.

“నేను నిన్నేమీ అన్లేదమ్మా. ఆదివారం జీపు మాట్లాడతా. కాణిపాకం పోదాం. తల మింద నీళ్లు పోసుకోని, తడిబట్టలతో సామి ముందర ఒక్క మాట సెప్పు, ఆ రాయి నేను పెట్టలేదు అని. అంతటితో అయిపాయ.”

మా ప్రాంతంలో తగువులు ఇలా తెగడం కొత్త కాదు. పొలం గట్టు దగ్గర నుంచి దొంగతనం దాకా, ఎంతకీ తేలని మాట కాణిపాకం ప్రమాణంతో తేలుతుంది. అక్కడ అబద్ధం చెప్పినవాడికి కొద్ది రోజుల్లోనే కీడు తప్పదని అందరి నమ్మకం. అక్క మెల్లగా, “నేను రాను” అంది.

బయట గుసగుస లేచింది. అప్పుడు అవ్వ గొంతు గట్టిగా వినిపించింది. “దాన్ని తిట్టేదానికి నేనుండా గదా. పొద్దన లేస్తానే మొదులుపెడితే పండుకునేదాకా తిడతానే ఉండా. నడమ మీరెవురప్పా?”

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. మా పెద్దనాయన నవ్వలేదు. “అట్టయితే ఎందుకు రాదో అదన్నా సెప్పమను” అన్నాడు.

ఆమె చెప్పలేకపోయింది. ఎందుకో నాకు పెద్దయ్యాక తెలిసింది. ఆమెకు అప్పుడు మూడో నెల. అంతకు ముందు ఏడాది ఒక కడుపు నిలవలేదు. ఈసారి విషయం అవ్వకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అంతమంది మగవాళ్ల ముందు నోరు తెరిచి చెప్పగలిగే మాట కాదు. ప్రమాణం చేసి వచ్చాక ఈ కడుపూ పోతే ఊరు ఏమంటుంది? సామే తీర్పు చెప్పాడంటుంది. నిజం చెప్పే మనిషి ప్రమాణానికి ఎందుకు జంకాలని ఇప్పటికీ నన్ను వాదనల్లో అడుగుతుంటారు. ప్రమాణం అసలు మాటను పరీక్షించదు. ఆ తర్వాత ఆ మనిషి ఒంటికి వచ్చే జ్వరాన్నీ, ఇంటికి వచ్చే కష్టాన్నీ సాక్ష్యంగా రాసుకుంటుంది. కష్టం రాని ఇల్లు ఉండదు కాబట్టి అలాంటి ప్రమాణంలో గెలవడం ఎవరి చేతిలోనూ ఉండదు.

చివరికి తీర్మానం ఏమిటంటే, ఆదివారం ఆమె జీపెక్కి కాణిపాకం రావాలి. రాకపోతే పుట్టింటికి పంపించేయాలి. భర్త ఎప్పుడొస్తాడో తెలియదు. ఆ మాట విని నేను మంచంలోనే లెక్క వేసుకున్నాను. నేను చచ్చిపోతే నేరం అక్క మీద పడుతుంది. అక్కే నేరం చేసి ఉంటే నేను చచ్చిపోతాను. ఏది నిజమైనా మా ఇద్దరిలో ఎవరమూ మిగలమనిపించింది. నా జడ దువ్విన చేతులను తలుచుకుంటే ఏడుపు వచ్చేది, ఆ వెంటనే ఆ చేతులను తలుచుకునే భయం వేసేది. జ్వరం ఎక్కువైనప్పుడు ఆ రాయి నా ఒంట్లో పైపైకి నడుస్తున్నట్టు ఉండేది.

శనివారం మధ్యాహ్నం బస్సులో మా మేనత్త దిగింది. మా నాయనకు చెల్లెలు. తిరుపతిలో హాస్టల్లో ఉండి యూనివర్సిటీలో చరిత్ర చదువుతోంది. ఎవరు ఏం చెబుతున్నా వినకుండా నా కట్టు విప్పి చూసింది. వేపాకు ముద్ద తీసి అవతల పడేసి, వచ్చిన బస్సు తిరిగి వెళ్లేటప్పుడు అదే బస్సులో నన్ను చిత్తూరు గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరు పుండు కోసి కడిగి, లోపల ఇరుక్కున్న మెతుకంత రాతిపెచ్చును బయటికి తీశాడు. సూది వేసి మాత్రలు ఇచ్చాడు. అంత వాపుకూ కారణం ఆ పెచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు మా మేనత్త ఇంట్లో పళ్లెంలోంచి వెంట తెచ్చుకున్న ఆ తేనెరంగు రాయిని బస్సు కిటికీ వెలుగులో పట్టుకుని దారి పొడవునా చూస్తూనే ఉంది. ఇది బాణం ములికి అని చెప్పింది. ఇనుము తెలియని కాలంలో మనుషులు రాయిని ఇలా పెచ్చులు లేపి, సన్నని పుల్లకు బిగించి వేటాడేవాళ్లని చెప్పింది.

“నన్నెవురు కొట్టినారు అత్తా?” అని అడిగాను.

“నిన్ను కాదులేమే. ఏ జింకనో కొట్టింటారు. అది తప్పిచ్చుకోని పాయ. వేల ఏండ్లకు నువ్వొచ్చి తొక్కితివి.”

బాణం అనగానే నా భయం పోలేదు. ఇంకో రూపం తీసుకుంది. ఎప్పుడో చచ్చిపోయిన వేటగాడు గుట్ట మీద కూర్చుని ఇంకా చూస్తున్నట్టు అనిపించి, ఊరు వచ్చేదాకా మా మేనత్త చెంగు వదల్లేదు.

ఆ సాయంత్రం ఆమె మా పెద్దనాయనతో వాదించింది. ఓడిపోయింది. ఈ సంగతి నేను దాచను, ఎందుకంటే చదువుకున్నవాళ్లు నాలుగు మాటలు చెబితే చీకటి విడిపోతుందని మాలాంటివాళ్లు రాసే కథల్లోనే జరుగుతుంది. మా పెద్దనాయన అంతా ఓపిగ్గా విని ఒక్కటే అడిగాడు.

“వేల ఏండ్లంటా ఉండావు. నువ్వు సూసినావా? మీ యూనివర్సిటీలో సెప్పినారని నేను నమ్మాల. సామి ముందర నిలబడి ప్రమాణం సేస్తే మాత్రం నువ్వు నమ్మవు. నీ పుస్తకం నీకు, నా సామి నాకు. ఇంగేముండాది మాట్లాడేదానికి?”

మా మేనత్త నిజంగా చూడలేదు. తవ్వి చూసినవాళ్లు రాసింది చదివింది, అంతే. ఆ ములికిని ఆయన ముందు పెట్టి, “సరే పెద్దన్నా, నన్నూ నమ్మొద్దు. రేపు జీపు ఎక్కేముందు బీట్లో ఒక్క గుంత తవ్వుదాం. చోటు నువ్వే సూపించు. పుట్టి బుద్ధెరిగినాక యాడ ఎవురూ పార పెట్టలేదని నీకు నమ్మకమో ఆడ. దాంట్లో కూడా ఇట్టాటి రాయి ఉంటే, ఆ పిల్ల పెట్టింది కాదని ఒప్పుకో” అంది.

“లేకపోతే?”

“లేకపోతే నీ ఇష్టం.”

ఆ మాట ఆమె ఎంత తేలిగ్గా అందో, అది ఎంత బరువైనదో నాకు మర్నాడు తెలిసింది.

ఆదివారం పొద్దున్నే జీపు రోడ్డు మీద వచ్చి ఆగింది. అక్క తలస్నానం చేసి, పసుపు చీర కట్టుకుని, కాణిపాకమైనా పుట్టిల్లైనా తనకిక తప్పదన్నట్టు గట్టు మీద తలవంచుకుని నిలబడింది. మా పెద్దనాయన బీడంతా నడిచి, చివరికి ఒక పెద్ద గుండురాయి పక్కన ఆగాడు. ట్రాక్టరు పోలేని మూల అది. గుండు నీడలో నేల మీద మందంగా పాచి పట్టి ఉంది. మోసానికి వీల్లేని చోటు. న్యాయమైన చోటే చూపించాడు.

తవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. మా నాయన కూడా పార పట్టుకుని నన్ను చూశాడు, నా కాలి కట్టును చూశాడు, పార కింద పెట్టేశాడు. మా మేనత్త చీర దోపుకుని తనే తవ్వడం మొదలుపెట్టింది. చేతికి అలవాటు లేని పని. మోకాలి లోతు వచ్చేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. అవ్వ వచ్చి ఏమీ అనకుండా ఆమె చేతిలోంచి గడ్డపార లాక్కుని పొడవసాగింది. మట్టి, గులకలు, మళ్లీ మట్టి. చుట్టూ నిలబడ్డవాళ్లు గుంత అంచు నుంచి దూరం దూరంగానే ఉన్నారు. ఎండ ఎక్కుతోంది. జీపువాడు రెండుసార్లు హారన్ కొట్టాడు. ఏమీ లేదు.

మా మేనత్త నీళ్లు తాగడానికి నేను కూర్చున్న చోటికి వచ్చింది. ఆత్రంగా తాగుతుంటే నీళ్లు మెడ మీద కారుతున్నాయి. నా వైపు వంగి, నాకు మాత్రమే వినపడేలా, “లేకపోతే ఏం సేద్దామే?” అంది.

పెద్దవాళ్లకు కూడా నాలాగే భయం వేస్తుందని, ఆ భయం కనపడకుండా వాళ్లు పని చేస్తారని నాకు తెలిసిన క్షణం అది. ధైర్యం వస్తుందనుకుంటారేమో, రాలేదు. మమ్మల్ని కాపాడటానికి వచ్చిన మనిషికే తెలియదంటే ఇక ఎవరికి తెలుస్తుంది? ఆమె మాత్రం చెంబు నా చేతిలో పెట్టి, కొంగుతో మెడ తుడుచుకుని, మళ్లీ గుంతలోకి దిగింది.

అవ్వ గడ్డపార ఖణేలుమంది. మట్టి కింద తెల్లటి సున్నపు పొర ఒకటి, రాయిలా బిగుసుకుపోయి ఉంది. పగలగొట్టి పెళ్ల పైకి తీస్తే అందులో పలుగురాతి పెచ్చులు ఇరుక్కుని కనిపించాయి. వాటి నడుమ ఒక తెల్లటి ములికి. సగం సున్నంలో కూరుకుపోయి, సగం బయటికి. మా మేనత్త దాన్ని ముట్టుకోలేదు. పెళ్లను పెళ్లలాగే తీసుకెళ్లి మా పెద్దనాయన ముందు పెట్టింది.

“ఇది తెల్లది. మన గుట్ట రాయే” అన్నాడు ఆయన. అప్పటికీ తగ్గలేదు. “ఈడ కూడా ఎవురో...”

“ఎవురో పెట్టింటే వేలితో ఊడొస్తాది. నువ్వే పెరుకు పెద్దన్నా.”

ఆయన గోటితో పట్టి చూశాడు. కదల్లేదు. మొలలోంచి చాకు తీసి సున్నాన్ని గీరాడు, పొడిచాడు. చాకు మొన వంగింది కానీ సున్నం వదల్లేదు. పంతం పట్టి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాడు. ములికి ఊడలేదు. వేలు చీలింది. రక్తం తెల్లటి పెళ్ల మీద బొట్లుగా పడింది.

అందరూ ఒక్కసారిగా వెనక్కి జరిగారు. ఎవరో ఆడమనిషి సామీ అని అరిచింది. మా పెద్దనాయన తన వేలి వైపు, ఉబ్బిన నా పాదం వైపు మార్చి మార్చి చూశాడు. ఆ మొహంలో అంత భయం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. చాకు కింద పడేసి, రోడ్డు వైపు పెద్ద అంగలు వేస్తూ, “జీపు తియ్యిరా! చిత్తూరాస్పత్రికి పోవాల, సూదేయించుకోవాల” అని అరిచాడు.

కాణిపాకానికి మాట్లాడిన జీపు చిత్తూరు వైపు తిరిగింది. అవ్వే ముందు తేరుకుని, “సామి ముందరికి పోతాడనుకుంటి. డాక్టరు ముందరికి పాయనే” అంది. అక్క నవ్వబోయి ఏడ్చేసింది.

మగవాళ్లు జీపు వెనక పడ్డారు, మిగిలినవాళ్లు మెల్లగా ఇళ్లకు పోయారు. గుంత దగ్గర అక్క, అవ్వ, మా మేనత్త, నేను, నలుగురమే మిగిలాం. మా మేనత్త తేనెరంగు ములికిని తీసి, పెళ్లలో ఉన్న తెల్లదాని పక్కన పెట్టింది. అదే ఆకు ఆకారం. అడుగున అదే నొక్కు. అచ్చులో పోసినట్టు ఉన్నాయి, రాయి మాత్రమే వేరు. తెల్లదాని అంచు కాస్త మొరటుగా ఉంది. పలుగురాయి సరిగా పెచ్చు లేవదని, దానితో ఆ ఆకారం చేయడం చాలా కష్టమని మా మేనత్త చెప్పింది. ఉత్తరాన చాలా దూరంలో, నల్లరేగడి నేలల గుండా పారే వాగుల్లో ఆ తేనెరంగు రాళ్లు దొరుకుతాయట. అక్కడి నుంచి ఈ ములికి ఎన్ని చేతులు మారి ఈ గుట్టకు చేరిందో. ఇక్కడివాళ్లు దాన్ని చూశారు. తమ గుట్టలో దొరికే మొండి రాయితోనే అలాంటిది చేయాలని కూర్చున్నారు.

“మా ఊళ్లో రెండు రంగులూ ఉండాయి” అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ. “ఎర్రవి తక్కువ. తెల్లవి ఎక్కువ. ఎర్రది దొరికితే నాలుగు తెల్లవాటికి మార్చుకుంటా ఉంటిమి ఆటలో.”

మా మేనత్త ఆమె వైపు తిరిగి, వేలాది ఏళ్ల కిందట కూడా అట్లే మార్చుకోనుంటారేమో అంది. అంటే ఆ ఎర్రరాళ్లు వచ్చిన దారి ఇక్కడితో ఆగలేదు, మీ ఊరి దాకా పోయింది అని కూడా అంది. నేను మాత్రం నన్ను వేధిస్తున్నదే అడిగాను. తెలియనివాళ్లు ఇలాంటి బాణాలు పట్టుకుని వస్తే ఇక్కడివాళ్లకు భయం వేయలేదా? మా మేనత్త నన్ను ఊరడించడానికి అబద్ధం చెప్పలేదు. వేసే ఉంటుంది అంది. ఆ ములికి చేతికి ఇస్తే వచ్చిందో, ఒంట్లో దిగితే వచ్చిందో ఎవరికీ తెలియదంది. ఎట్లా వచ్చినా, భయపడుతూనే దాన్ని దగ్గరగా పట్టుకుని, అంచు అంచూ చూసినవాళ్లు కొందరున్నారు, చూడకపోతే ఈ తెల్లది పుట్టేది కాదు అంది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఊరు ఊరంతా రెండు గాయాలను కనిపెట్టుకుని ఉంది, నా పాదాన్నీ మా పెద్దనాయన వేలినీ. ఆ వేలికి చీము పట్టి ఉంటే ఈ కథ వేరేలా ముగిసేది. అక్క ఆ రోజుల్లో గడప దాటలేదు. మా పెద్దనాయన అరుగు మీద కూర్చుని వేలి కట్టు విప్పి, ఎవరూ చూడటం లేదనుకుని వాసన చూసుకునేవాడు. నా వాపు తగ్గింది. ఆయన వేలు మానింది. కాణిపాకం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. తప్పయిందని కూడా ఎవరూ అనలేదు. ఆ గుండు పక్క మూలలో మాత్రం మా పెద్దనాయన మొక్కలు పెట్టలేదు.

అక్క కాన్పుకు పుట్టింటికి వెళ్లి పాపను ఎత్తుకుని తిరిగి వచ్చింది. అవ్వ తిట్లు మామూలుగా సాగాయి. అక్క నా జడ మామూలుగానే దువ్వేది. కానీ గుంత దగ్గర ఆ రోజు తర్వాత, తన ఊరి గురించి ఆమె నోట ఒక్క ముక్క నేను వినలేదు. అడిగితే, “ఏముండాది పాపా, అన్ని ఊళ్ల మాదిరే” అనేది. మేము గెలిచామని మా మేనత్త అనుకుంటున్న రోజుల్లోనే నాకు ఇది అర్థమై మనసు చివుక్కుమంది. నిర్దోషి అని తేలిన మనిషి కూడా ఏదో ఒకటి పోగొట్టుకునే ఇంటికి పోతుంది.

నేను ఆ రోజు నుంచి మోస్తున్నది ఆ గెలుపును కాదు. ఆ గుంతలో రాయి లేకపోయి ఉంటే? సున్నపు పొర ఇంకో మూర కింద ఉండి, అంతలో జీపువాడు మూడోసారి హారన్ కొట్టి ఉంటే? అప్పుడు కూడా అక్క ఏమీ చేయని మనిషే. తన నిజం నిలబడటానికి ఆమె నేల కింద ఏముందో దాని మీద ఆధారపడాల్సి రావడమే అసలు అన్యాయం. పదిమంది కూడి ఒక మనిషి వైపు వేలు చూపించిన చోటల్లా నాకు ముందు భయమే వేస్తుంది. వాదన తర్వాత వస్తుంది. లేకపోతే ఏం చేద్దామన్న ప్రశ్నకు ఆ రోజు మా మేనత్త దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఇప్పటికీ లేదు. జవాబు లేకుండానే ఆమె గుంతలోకి దిగింది.